మనసు నిలవని పెద్దలకు చికిత్స: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరుసలో సాగాలి

మా తమ్ముడు ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తాడు. ప్రతి నెలా 20వ తేదీలోగా దాఖలు చేయవలసిన జీఎస్టీ రిటర్ను ఫైలును ఉదయం పది గంటలకే తెరిచేవాడు. ఒక బిల్లు కనిపించలేదని బీరువా దగ్గరికి వెళ్లి, అక్కడ పాత రసీదుల కట్ట విప్పి, అందులో బండి ఇన్సూరెన్సు కాగితం చూసి, దాని గడువు తీరిపోయిందేమోనన్న అనుమానంతో ఫోను చేతిలోకి తీసుకుని, ఆ ఫోనులో మరేదో చూస్తూ అక్కడే నిలబడిపోయేవాడు. మధ్యాహ్నం భోజనానికి పిలిచేసరికి ఫైలు ఇంకా మొదటి పేజీ మీదే ఉండేది. గడువు రేపనగా రాత్రి పదకొండుకు కూర్చుని అదే పనిని రెండు గంటల్లో తప్పు లేకుండా ముగించేవాడు కాబట్టి, ఇది బద్ధకమే తప్ప జబ్బు కాదని ఇంట్లో అందరం గట్టిగా నమ్మాం. అతనికి 36 ఏళ్లు వచ్చాక గాని, అది చిన్నప్పటి నుంచీ ఉన్న ఏడీహెచ్‌డీ అని, అంటే ధ్యాసను నిలుపుకోవడంలోను, తొందరను అదుపు చేసుకోవడంలోను మెదడుకు ఉండే ఇబ్బంది అని మాకు తెలియలేదు.

పెద్దవాళ్లలో ఏకాగ్రత కుదరకపోవడానికి ఇప్పుడు నమ్మదగిన చికిత్సలు ఉన్నాయి. అయితే వాటిని ఏ వరుసలో అందుకోవాలో తెలియక చాలామంది టానిక్కుతోనో, ఎవరో చెప్పిన మాత్రతోనో మొదలుపెట్టి, ఏడాది తరువాత మళ్లీ మొదటికే వస్తున్నారు. మేమూ అలాగే వచ్చాం. నేను వైద్యుణ్ణి కాను. మందు ఏది, ఎంత అన్నది సైకియాట్రిస్టు నిర్ణయించవలసిన విషయం. ఆయన ఎదుట కూర్చునేటప్పటికి మీకు ఏమేమి తెలిసి ఉంటే మేలు జరుగుతుందో, తమ్ముడితో పాటు తిరిగి తెలుసుకున్నంతలో ఇక్కడ వివరిస్తాను.

ముందు కారణం తేలాలి

ఏకాగ్రత లేకపోవడం జ్వరం లాంటిది. అది ఒక లక్షణమే గాని దానికదే జబ్బు కాదు. అందువల్ల మొదటి మెట్టు సైకియాట్రిస్టు దగ్గర కాక, మామూలు ఫిజీషియన్ దగ్గరే మొదలు కావచ్చు. థైరాయిడ్ తక్కువైనా, రక్తహీనత ఉన్నా, బి12 విటమిన్ లోపించినా మనసు మందగిస్తుంది, చదివింది పట్టదు, మతిమరుపు వస్తుంది. మాంసం, గుడ్లు ముట్టని ఇళ్లలో బి12 లోపం తరచుగా కనిపిస్తుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతున్నవారిలోనూ అది తగ్గే అవకాశం ఉంది. కాబట్టి రక్తహీనత తెలిపే పరీక్ష, థైరాయిడ్ తెలిపే టీఎస్‌హెచ్, బి12, షుగరు పరీక్షలు చేయించుకుని, ఆ కాగితాలన్నీ ఒకే ఫైలులో పెట్టుకోండి.

రక్తపరీక్షలలో దొరకని కారణాలు ఇంకా ఉన్నాయి. రాత్రి బిగ్గరగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవారికి స్లీప్ ఆప్నియా ఉండవచ్చు. వారికి నిద్ర పరీక్ష అవసరం, పగటి మాత్రలతో పని లేదు. రాత్రి షిఫ్టులు, రెండు గంటల దాకా ఫోను చూసే అలవాటు, రోజూ తాగే మద్యం కూడా ఇదే పని చేస్తాయి. జలుబుకు, దురదకు వాడే కొన్ని మాత్రలు, నిద్ర మాత్రలు మరుసటి రోజంతా మత్తును మిగులుస్తాయి. మీరు వాడుతున్న మందులన్నిటి పేర్లు వైద్యునికి చూపించండి. అన్నిటికన్నా ముఖ్యం, కుంగుబాటు, ఆందోళన. ఈ రెండింటిలోనూ మనసు నిలవదు. కుంగుబాటును ఏడీహెచ్‌డీ అని పొరబడితే అసలు జబ్బుకు చికిత్స అందదు. ఉన్మాదం, కుంగుబాటు మారి మారి వచ్చే బైపోలార్ జబ్బును గుర్తించకుండా ఏడీహెచ్‌డీకి వాడే ఉత్తేజకాలు ఇస్తే ఉన్మాదం ఎగదన్నే ప్రమాదం ఉంది.

వీటి మధ్య తేడా ఎలా పట్టుకోవడం? వైద్యులు ముఖ్యంగా అడిగేది ఒక్కటే: ఇది ఎప్పటినుంచి? నిన్నమొన్నటి దాకా బాగా పనిచేసిన మనిషికి ఆరు నెలలుగా మనసు నిలవడం లేదంటే అది నిద్ర, థైరాయిడ్, కుంగుబాటు వంటి మరో కారణం వైపు చూపిస్తుంది. ఏడీహెచ్‌డీ అయితే 40 ఏళ్ల వయసులో కొత్తగా పుట్టదు. మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే అమెరికా గ్రంథం ప్రమాణాల ప్రకారం లక్షణాలలో కొన్నయినా 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలి. 17 ఏళ్లు దాటినవారిలో ధ్యాస తప్పే లక్షణాలు తొమ్మిదింటిలో కనీసం అయిదు గాని, అతిచలనం, తొందరపాటు లక్షణాలు తొమ్మిదింటిలో కనీసం అయిదు గాని ఉండాలి. అవి ఇల్లు, ఆఫీసు వంటి రెండు చోట్లనైనా బతుకుకు అడ్డం పడుతూ ఉండాలి. ఎప్పుడో ఒకప్పుడు తాళాలు మరిచిపోవడం దీని కిందకు రాదు.

ఇంట్లో కూర్చుని మొదటి అంచనా వేసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఏఎస్ఆర్ఎస్ అనే ప్రశ్నావళి ఉంది. అందులో మొదటి ఆరు ప్రశ్నలు గత ఆరు నెలల గురించి అడుగుతాయి: పని చివరి దశలో వివరాలు ముగించలేకపోతున్నారా, క్రమం అవసరమైన పనులను సర్దుకోలేకపోతున్నారా, అపాయింట్‌మెంట్లు మరిచిపోతున్నారా, బాగా ఆలోచించవలసిన పనిని వాయిదా వేస్తున్నారా, ఎక్కువసేపు కూర్చోవలసివస్తే చేతులు కాళ్లు కదుపుతున్నారా, లోపల మోటారు తిరుగుతున్నట్టు ఆగకుండా ఏదో ఒకటి చేస్తున్నారా అని. ఆరింటిలో నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ సమాధానాలు ఆ ప్రశ్నావళిలో గుర్తు పెట్టిన హద్దు దాటితే పూర్తి పరీక్ష చేయించుకోవడం మంచిది. అంతవరకే దాని పని. ఆ కాగితాన్ని బట్టి ఎవరూ తమకు తాము జబ్బు పేరు పెట్టుకోరాదు.

ఎవరి దగ్గరికి, ఏమి పట్టుకుని వెళ్లాలి

మందు రాయగలిగేది సైకియాట్రిస్టు. వివరమైన అంచనా వేసి మాటల చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్టు. ఆ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగి తెలుసుకోవడంలో మొహమాటం అక్కరలేదు. ప్రభుత్వ రంగంలో హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల, విశాఖపట్నం చినవాల్తేరులోని మానసిక వైద్యశాల ఉన్నాయి. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు రాయలసీమ నుంచి వెళ్లేవారు ఎందరో. ప్రభుత్వ బోధనాసుపత్రులలోనూ సైకియాట్రీ విభాగం ఉంటుంది. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ చిన్నతనం ఎరిగిన మనిషిని వెంట తీసుకుని వెళ్లండి. మా తమ్ముడు అరగంటలో చెప్పలేనిది మా అమ్మ ఒక్క ముక్కలో చెప్పింది. "పలక మూడుసార్లు పోగొట్టాడు డాక్టరు గారూ, మూడోసారి పలకకు తాడు కట్టి మెడలో వేసి పంపాను" అని ఆమె అంటే, అంతవరకూ రాసుకుంటూ ఉన్న వైద్యురాలు కలం ఆపి తలెత్తి చూశారు. పాత ప్రోగ్రెస్ కార్డులు దొరికితే అవీ పట్టుకెళ్లండి. "తెలివి ఉంది, నిలకడ లేదు" అని టీచర్లు రాసిన మాటకు ఇక్కడ విలువ ఉంది. ఆడపిల్లల విషయంలో మాత్రం ఇంత స్పష్టమైన ఆనవాళ్లు దొరక్కపోవచ్చు. తరగతిలో అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న అమ్మాయిని ఎవరూ పట్టించుకోలేదు గనుక, తమ పిల్లలకు ఏడీహెచ్‌డీ అని తేలిన తరువాతనే తమకూ అదే ఉందని గ్రహించే తల్లులు ఉన్నారు. ఇది వంశపారంపర్యంగా బలంగా వచ్చే జబ్బు కాబట్టి అందులో వింత ఏమీ లేదు.

మందుల సంగతి

ఏడీహెచ్‌డీ అని తేలితే, పెద్దవారికి మందు మంచి ఫలితమిచ్చే చికిత్స. మందు అనగానే మన ఇళ్లలో "అలవాటు పడిపోతాడు", "జీవితాంతం వాడాలి" అన్న భయాలు ముందుకు వస్తాయి. ఆ భయాలకు కోపగించుకోకుండా వివరంగా జవాబు చెప్పుకోవాలని నా అభిప్రాయం.

మన దేశంలో ముఖ్యంగా వాడేవి రెండు. మొదటిది మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్తేజకం, ఇన్‌స్పిరాల్ వంటి పేర్లతో దొరుకుతుంది. 1944లో తొలిసారి తయారైన పాత మందు ఇది. మెదడు ముందు భాగంలో డోపమైన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలు త్వరగా వెనక్కి పోకుండా నిలుపుతుంది. దానివల్ల చేతిలో ఉన్న పని మీద ధ్యాస నిలుస్తుంది. వేసుకున్న గంటలోపే ప్రభావం తెలుస్తుంది. మామూలు మాత్ర మూడు నాలుగు గంటలు, నెమ్మదిగా విడుదలయ్యే రకం ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పనిచేస్తాయి. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, వారానికోసారి చూసుకుంటూ పెంచుతారు. కాబట్టి మొదటి వారంలో ఏమీ తెలియలేదని నిరాశ పడనక్కరలేదు. ఆకలి తగ్గడం, నోరు ఎండడం, తలనొప్పి, గుండె దడ, రాత్రి నిద్ర పట్టకపోవడం దీని సాధారణ ఇబ్బందులు. ఉదయం టిఫిను తిన్నాక మాత్ర వేసుకోవడం, మధ్యాహ్నం దాటాక వేసుకోకపోవడం వల్ల ఇవి చాలావరకు సర్దుకుంటాయి.

రెండవది ఆటమాక్సెటిన్. ఇది ఉత్తేజకం కాదు, దుర్వినియోగానికి లొంగదు. పెద్దవారికి మామూలుగా రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 80కి తీసుకువెళతారు, 100 దాటించరు. దీని గుణం నాలుగు వారాల ముందు సరిగా తెలియదు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. పది రోజులకే "పనిచేయలేదు" అని మానేయడం ఈ మందు విషయంలో జరిగే పెద్ద పొరపాటు. కడుపులో వికారం, నోరు ఎండడం, మగవారిలో లైంగిక ఇబ్బంది, మూత్రం ధార సన్నగిల్లడం రావచ్చు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. ఫ్లూఆక్సెటిన్, పెరాక్సెటిన్ వంటి కుంగుబాటు మందులు దీనితో కలిస్తే రక్తంలో దీని మోతాదు పెరిగిపోతుంది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి. కళ్లు, మూత్రం పసుపుపచ్చగా మారినా, చనిపోవాలన్న ఆలోచనలు వచ్చినా ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి.

ఈ రెండింటిలో ఏది ముందు అన్నదానికి బ్రిటన్‌లో చికిత్సల ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాలు పెద్దవారికి మిథైల్‌ఫెనిడేట్‌ను గాని, లిస్‌డెక్సామ్‌ఫెటమిన్ అనే మరో ఉత్తేజకాన్ని గాని ముందు పెట్టి, అవి పడనివారికి ఆటమాక్సెటిన్ సూచిస్తాయి. ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి, మత్తు పదార్థాల అలవాటు ఉన్నవారికి ఆటమాక్సెటిన్‌తోనే మొదలుపెట్టే వైద్యులు ఉన్నారు. కుంగుబాటు కూడా ఉన్నప్పుడు బుప్రోపియాన్ అనే కుంగుబాటు మందు ఇవ్వడం కద్దు. మూర్ఛ వచ్చే మనిషికి మాత్రం అది పనికిరాదు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, కంటిలో ఒత్తిడి పెరిగే గ్లకోమా, గతంలో భ్రమలతో కూడిన మానసిక జబ్బు ఉన్నవారు ఆ విషయం దాచకూడదు. మందు మొదలుపెట్టే ముందు, మోతాదు మార్చిన ప్రతిసారీ బీపీ, నాడి, బరువు చూడాలి. గర్భం ధరించాలనుకునేవారు, పాలిచ్చే తల్లులు తమంతట తాము మానేయకుండా వైద్యునితో మాట్లాడి నిర్ణయం తీసుకోవాలి.

ఇక చట్టం. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోనిది. మత్తు పదార్థాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోనూ ఉంది. అందువల్ల ప్రతి మందుల షాపులోనూ దొరకదు, చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒక ప్రతిని షాపువారు తమ దగ్గర అట్టే పెట్టుకుంటారు. 2020 టెలీమెడిసిన్ నిబంధనల ప్రకారం వీడియో కాల్‌లో ఈ మందు రాయడానికి వీలు లేదు. స్వయంగా వెళ్లి చూపించుకోవాలి. మా జిల్లా కేంద్రంలో నాలుగు షాపులు తిరిగాక ఒక పెద్దాయన "ఇది పెద్దాసుపత్రి ఎదుట షాపులోనే ఉంటుంది బాబూ, నెలకు సరిపడా ఒకేసారి రాయించుకోండి" అని చెప్పారు; ఆ సలహా మాకు ఎన్నో తిరుగుళ్లు తప్పించింది. ఆటమాక్సెటిన్‌కు ఈ చిక్కు లేదు, మామూలు చీటీ మీదే ఇస్తారు. అమెరికాలో ఆడెరాల్ అనే ఏడీహెచ్‌డీ మందు వాడుతున్న మనవాళ్లు ఇక్కడికి తిరిగి వచ్చేముందు అక్కడి వైద్యునితోనే మందు మార్పు గురించి మాట్లాడుకోవాలి. ఆ మందు ఇక్కడ అమ్మరు. గల్ఫ్‌కు వెళ్లేవారు చీటీ, వైద్యుని ఉత్తరం చేతిలో ఉంచుకోవడమే కాక, ఆ దేశం ముందస్తు అనుమతి అడుగుతుందేమో టికెట్టు కొనకముందే కనుక్కోవాలి.

అలవాటు పడతామా అన్న ప్రశ్నకు జవాబు ఇది: వైద్యుడు చెప్పిన మోతాదులో, నోటి ద్వారా, సరైన నిర్ధారణ ఉన్న మనిషి వాడితే ఆ ప్రమాదం తక్కువ. పరీక్షల ముందు స్నేహితుడి మాత్ర తీసుకుని రాత్రంతా చదవడం వేరే సంగతి. అది నేరమూ, ప్రమాదమూ. స్వీడన్‌లో 2014లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఏడీహెచ్‌డీ ఉన్న మగవారికి మందు వాడిన కాలంలో తీవ్రమైన రోడ్డు ప్రమాదాలు తక్కువగా కనిపించాయి. రోజూ బైకు మీద హైవే దాటి ఆఫీసుకు వెళ్లే తమ్ముడు ఉన్న నాకు ఆ ఒక్క విషయం చాలా బరువైనదిగా అనిపించింది.

మందు తెరిచిన దారిలో నడవడం

మాత్ర ధ్యాసను నిలుపుతుంది, కాని దేని మీద నిలపాలో చెప్పదు. ముప్పై ఏళ్లుగా అలవడని పద్ధతులు మాత్రతో పాటు రావు. వాటిని విడిగా నేర్చుకోవాలి. అందుకోసం పెద్దవారికి ప్రత్యేకంగా తీర్చిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స ఉంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో స్టీవెన్ సాఫ్రెన్ బృందం, మందు వాడుతున్నా లక్షణాలు మిగిలిన 86 మంది పెద్దలతో చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో, పన్నెండు విడతల ఈ చికిత్స కేవలం విశ్రాంతి పద్ధతులు నేర్పడం కన్నా మెరుగైన ఫలితం ఇచ్చింది. దగ్గరలో ఇలాంటి చికిత్సకులు లేకపోయినా అందులోని కొన్ని పద్ధతులను ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

మా ఇంట్లో అన్నిటికన్నా బాగా పనికివచ్చినది ఒక రెండు రూళ్ల నోటుబుక్కు. పనికి కూర్చునేముందు తమ్ముడు టైమరు పెట్టుకుంటాడు. మొదట్లో పన్నెండు నిమిషాలే, ఎందుకంటే అతను నిజంగా కదలకుండా కూర్చోగలిగింది అంతేనని గడియారం పెట్టి కొలిచి తెలుసుకున్నాం. ఇప్పుడది ఇరవై అయిదుకు వచ్చింది. ఆ లోపల బండి ఇన్సూరెన్సు గుర్తుకు వస్తే లేవకుండా ఆ మాటను నోటుబుక్కులో రాసి, మళ్లీ ఫైలులోకి వస్తాడు. టైమరు మోగాక పుస్తకం చూస్తాడు. రాసిన అయిదింటిలో నాలుగు అప్పటికి అక్కరలేనివిగా తేలతాయి. మనసులో పుట్టిన ఆలోచనను అణచడానికి పెనుగులాడకుండా, దానికి కాగితం మీద ఒక చోటు చూపించడమే ఇందులోని కిటుకు.

తక్కినవన్నీ చిన్నచిన్న ఏర్పాట్లు. గుమ్మం పక్కన ఒక స్టీలు పళ్లెం పెట్టి తాళాలు, పర్సు, ఐడీ కార్డు అందులోనే వేయడం. కరెంటు, ఫోను బిల్లులకు ఆటోపే పెట్టడం. పనివేళలో ఫోనును పక్క గదిలో ఉంచడం. "రిటర్ను వేయాలి" అని రాసుకునే బదులు "అమ్మకాల బిల్లులు తేదీల వారీగా పేర్చాలి" అని మొదటి చేతిపనిని రాసుకోవడం. పక్కన మరో మనిషి తన పని తాను చేసుకుంటూ కూర్చుంటే చాలామందికి పని సాగుతుంది. మా అమ్మ చిక్కుళ్లు గిల్లుతూ అదే బల్ల దగ్గర కూర్చుంటుంది, మాట్లాడదు. ఇంట్లోవారు గుర్తు చేయడం మంచిదే, కాని ఏ వేళకు ఎన్నిసార్లు గుర్తు చేయాలో ఆ మనిషినే అడిగి ఒప్పందం చేసుకోవాలి. లేకపోతే అది దెప్పిపొడుపుగా మారుతుంది.

నిద్ర గురించి విడిగా చెప్పాలి. ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవారిలో చాలామందికి రాత్రి ఆలస్యంగా గాని నిద్ర రాదు, ఉదయం మెలకువ రాదు. ఏ రోజైనా ఒకే వేళకు లేచి, లేవగానే డాబా మీదో, వీధిలోనో ఎండలో అరగంట నడవడం దీనికి మంచి మందు. నడక, పరుగు, ఆటలు ఆ తరువాత కాసేపు ధ్యాసను మెరుగుపరుస్తాయి కాబట్టి కష్టమైన పనిని వాటి వెంటనే పెట్టుకోండి. ధ్యానం కొందరికి ఉపయోగపడుతుంది. అయిదు నిమిషాలతో మొదలుపెట్టకపోతే ఈ జబ్బు ఉన్న మనిషికి అది శిక్షలా తోస్తుంది.

జ్ఞాపకశక్తి సిరప్పులు, మెదడు ఆటల యాప్‌లు, మెదడు తరంగాలను తెర మీద చూపుతూ శిక్షణ ఇస్తామని వేలకు వేలు తీసుకునే న్యూరోఫీడ్‌బ్యాక్ విడతలు పెద్దవారి ఏడీహెచ్‌డీకి పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. ఒమేగా-3 మాత్రల ప్రభావం ఉన్నా చాలా స్వల్పం. మొదట మేము కలిసిన ఒక వైద్యుడు పరీక్షలేవీ లేకుండా ఆరు నెలలకు టానిక్కు రాసి పంపారు. పోయిన డబ్బు కన్నా, "మందు వాడినా నేను మారలేదు" అని తమ్ముడు తనను తాను నిందించుకుంటూ గడిపిన ఆ ఆరు నెలలే నన్ను ఇప్పటికీ బాధిస్తాయి.

ఖర్చు విషయానికి వస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా వర్తింపజేయాలని చెబుతుంది. అయితే ఈ చికిత్స అంతా ఓపీలోనే జరుగుతుంది కాబట్టి, మీ పాలసీలో ఓపీ ఖర్చులు ఉన్నాయా లేవా అన్నది చూసుకోవాలి.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు "పరవాలేదండీ" అన్న ఒక్క మాటతో ముగించకండి. మాత్ర వేసుకున్న వేళ, దాని ప్రభావం తగ్గినట్టు అనిపించిన వేళ, ఆ రోజు తిన్న పూటలు, పడుకున్న వేళ, అనుకున్న పనులలో ముగిసినవి ఎన్ని అన్నవి రోజుకు ఒక వరుస చొప్పున రాసి తీసుకువెళ్లండి. తమ్ముడు తన ఉద్యోగం అలవాటు కొద్దీ దీన్ని గళ్లు గీసి రాశాడు. మధ్యాహ్నం మూడు తరువాత పని దిగజారుతున్న సంగతి ఆ గళ్లలోనే కనిపించి, వైద్యురాలు మామూలు మాత్రను నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చారు. మోతాదు కుదిరాక కూడా కనీసం ఏడాదికోసారి, ఈ మందు ఇంకా అవసరమా, ఇంతే చాలా అని వైద్యుణ్ణి అడగండి. ఆయన సరేనంటే కొద్ది రోజులు ఆపి చూడవచ్చు. అలా ఆపి చూసే రోజులను జీఎస్టీ గడువుకు దూరంగా, నెల చివరి వారంలో పెట్టుకున్నాం.